రెండంగుళాల టైలరు తిండి పుస్తకం

టైలరు ఆఖరిసారి కూతుర్ని అడిగింది సూదిలో దారం ఎక్కించి ఇమ్మని. కళ్లల్లో శుక్లాలు ముదిరాక ఆయనకు సూది ఎక్కడుందో తెలిసేది గానీ బెజ్జం ఎక్కడుందో తెలిసేది కాదు. లెక్కల టీచరైన కూతురు దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కకు జరిపి, దారం ఎక్కించి, ఊరికే ఇవ్వడం ఇష్టంలేక ఓ చురక కూడా కలిపింది.

"ఇవాళ ఎవరి నడుం దాస్తున్నావు నాన్నా?"

"ఉన్నాడులే ఒక కస్టమరు. వాడి మాట ఎవరూ నమ్మరు పాపం," అంటూ ఆయన ముందుగదిలోని కొట్టులోకి వెళ్లిపోయాడు.

నడుం దాయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కొలతల పుస్తకంలో ఏ నడుమూ అసలు సైజులో ఉండేది కాదు. టేపు నలభై చూపిస్తే ముప్పై ఎనిమిదని పైకి చదివి, అదే రాసుకుని, కత్తెర మాత్రం నలభైకే వేసేవాడు. పాత ప్యాంటు పట్టడం లేదని ఎవరైనా వాపోతే, మీరు లావెక్కలేదండీ, గుడ్డే ముడుచుకుపోయిందనేవాడు. అందుకే నాలుగు వీధుల అవతలి బొజ్జలు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవి. వీధి పెట్టిన పేరు రెండంగుళాలు.

అలాంటి మనిషిని కంటి డాక్టరు తిండి పుస్తకం రాయమన్నాడు. షుగరు దిగితేనే ఆపరేషను. తిన్నదల్లా రాయాలి, మెల్లగా నమలాలి, తిన్నాక ఏమనిపించిందో అదీ రాయాలి. రెండు నెలలాగి ఆ పుస్తకంతో రావాలి. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదేనని కూతురు నవ్వింది.

గుమ్మడికాయలంత అక్షరాలతో ఆయన రాసేవాడు: "బ్రెడ్డు రెండు ముక్కలు, నాలుగంగుళాల చదరం. అరటిపండు ఒకటి, వంపుతో కలిపి ఆరంగుళాలు." ఏమనిపించింది అన్నచోట రోజూ ఒకటే మాట: "ఇంకోటి తినాలనిపించింది. లేచి వచ్చేశాను."

సాయంత్రం కూతురు ఎర్ర పెన్నుతో ఆ పేజీ దిద్దేది. అన్నిటికీ రెండేసి కలిపేది. రెండు ముక్కలు నాలుగయ్యేవి, ఒక పండు మూడయ్యేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని వినిపించేలా గొణిగేది. ముప్పై ఏళ్లు అబద్ధం రాసిన చేతికి నిజం రాశానని చెప్పుకునే నోరెక్కడిది? ఒళ్లు చూసి నమ్ముదామా అంటే గోనెసంచుల్లాంటి చొక్కాల మనిషి, లోపల ఎంతుందో ఎవరికీ తెలీదు.

రెండు నెలలు కాగానే డాక్టరు దగ్గరకు వెళదామన్నాడు.

"ఈ అబద్ధాల పుస్తకం పట్టుకొచ్చి నా పరువు తీసుకోలేను. ఒక్క నెల నిజం రాయి, అప్పుడు చూద్దాం," అంది కూతురు.

నెల తిరిగింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు.

సూదిలో దారం ఎక్కించిన మర్నాడు పొద్దున ఆయన లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. చివరి పేజీ దిద్దకుండానే మిగిలింది.

పదిహేను రోజులకు కొట్టు ఖాళీ చేస్తుంటే, కాజాలు కుట్టే ఆవిడ మిషను సొరుగులోంచి ఓ బూడిదరంగు ప్యాంటు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నాన్నగారిదేనమ్మా. జారిపోతోందని మూడోసారి బిగిస్తున్నారు."

నడుం పట్టీ లోపల మొదటి వరస కుట్లు గోధుమరంగు, రెండోది నీలం. రంగు కనబడక ఏ రీలు చేతికందితే దాంతో కుట్టాడు. మూడోది నలుపు, సగంలో ఆగింది. కూతురు ఎక్కించిన దారం చివర సూది ఇంకా వేలాడుతోంది.

ఆమె ఆయన టేపు తెచ్చి, మడత పట్టి కొలిచింది. నాలుగున్నర అంగుళాలు, లోపలికి.