కాళ్లకి నీళ్లు

బాపట్లలో ఏడో తరగతి దాకా వెళ్లాక, ఇక చాలని బడీ నేనూ ఒక మాట మీదికొచ్చాం. తర్వాత తెనాలిలో సైకిలు షాపు పెట్టుకున్నాను. తొంభైల్లో ఓ ఏడాది తుఫాను వచ్చినప్పుడు మా ఆవిడ తొలికాన్పుకి పుట్టింట్లో ఉంది. రేపల్లె అవతల చిన్న పల్లె. గాలి ఆ వైపే తిరిగిందని రేడియో చెప్పింది. ఎవరు మిగిలారో చెప్పలేదు.

గాలి తగ్గగానే బయల్దేరాను. బస్సుల్లేవు. కొంతదూరం నేను సైకిలెక్కాను, మిగతా దూరం సైకిలే నా భుజమెక్కింది.

"ముందుకెళ్లలేవు తమ్ముడూ," అన్నాడు కాలవ వంతెన మీద ఒకాయన.

"పెళ్లప్పుడూ ఇలాగే అన్నారన్నా. విన్నానా?"

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

వంతెన దిగితే పొలాల్లేవు, ఆకాశమే కిందా పైనా. మబ్బుల మీద అడుగులేస్తున్నట్టుంది. ఒక గడ్డివాము మెల్లగా తేలుతూ పోతోంది, దాని మీద దర్జాగా ఓ కోడి. దాన్ని చూస్తే మావయ్య గుర్తొచ్చాడు. నేనెప్పుడెళ్లినా గుమ్మంలోనే కాళ్లకి చెంబుతో నీళ్లిచ్చేవాడు. ఆ చెంబు ఇంకెవర్నీ పట్టుకోనిచ్చేవాడు కాదు. "నీళ్లు సరే, కోడేది మావయ్యా?" అని ఏడిపించేవాణ్ణి.

గట్టు మీద మనుషుల్ని వరసగా పడుకోబెట్టి చాపలు కప్పారు. పాదాలు మాత్రం బయటికున్నాయి. మా ఆవిడకి పట్టీలుంటాయి. పట్టీల్లేని పాదాలు కనిపించినప్పుడల్లా ఊపిరొచ్చేది, ఆ వెంటనే సిగ్గేసేది.

పల్లెలో చర్చి ఒక్కటే నిలబడి ఉంది. వరండాలో స్తంభానికి ఆనుకుని మా ఆవిడ, పొట్ట మీద చెయ్యేసుకుని, భుజాల చుట్టూ మాసిన పంచె కప్పుకుని. పట్టీల నిండా బురద.

"ఏంటి, ఇప్పుడా రావడం?" అంది.

భుజం మీది సైకిలు నీళ్లలోకి వదిలేశాను.

మెట్లెక్కబోతుంటే లోపల్నుంచి అత్తయ్య వచ్చింది.

"ఆగండి బాబూ. కాళ్లు కడుక్కుని రండి."

మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాను. ఎదురుగా ఆవిడ, చేతిలో చెంబు.

"మావయ్య ఏరి అత్తయ్యా?"

"నీళ్లొచ్చేస్తుంటే తన పంచెతో దాన్ని ఈ స్తంభానికి కట్టేశారు బాబూ. తనని కట్టుకోడానికి ఇంకేం మిగల్లేదు."

నేను మెట్టు మీద కాళ్లు పెట్టాను. ఆవిడ వంగి, మావయ్యలాగే నెమ్మదిగా, చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.