మనవాడికి ఫీజేంటి

మా ఎదురింటి బాబాయి గారు పోయారు. పొద్దున్న కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. పిన్ని గారి కేక విని నేను రోడ్డు దాటి వెళ్ళేసరికి పేపరు ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది.

పెద్దకర్మ రోజున రెండో కబురు తెలిసింది. ఆయన పెన్షన్ ఆయనతోనే ఆగిపోయిందట. పిన్ని గారికి ఇక రూపాయి రాదు. మొదటి కబురుకి ఏడ్చాను. రెండోదానికి కోపం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. ఆయన మీద ప్రేమ లేక మాత్రం కాదు.

ఆయన మాకు బంధువు కాదు. భీమవరంలో మేము ఆ వీధికి వచ్చిన రోజునే వరస ఆయనే కలిపేశారు. రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో సరుకు కొనే పని ఆయనది. లారీలో సోయా పిండి వస్తే గుప్పెడు తీసి, వాసన చూసి, రేటు దింపేవారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. చేపలమ్మే ఆవిడ వీధిలోకి వస్తే ముందు మంచినీళ్ళిచ్చి, పిల్లల క్షేమం కనుక్కుని, ఆ తర్వాత మొదలుపెట్టేవారు బేరం. ఇంతా చేసి చివరికి ఆవిడ చెప్పిన రేటుకే కొన్న రోజులూ లేకపోలేదు. "బేరం డబ్బుల కోసం కాదమ్మాయ్, ఏం కొంటున్నామో తెలియాలి కదా" అనేవారు.

మా అమ్మని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు బిల్లు చూసి నాకు కళ్ళు తిరిగాయి. బాబాయి గారు కళ్ళజోడు పెట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డారు. ఒక్కో వరస మీద వేలు పెట్టి "ఇదేంటండి? ఇదెందుకండి?" అని అడుగుతూనే ఉన్నారు. గొంతు పెంచలేదు. అవతలి వాళ్ళు విసుక్కున్నా చిరునవ్వు చెదరలేదు. చివరికి అమ్మకి అసలు వెయ్యని ఇంజెక్షన్లు బిల్లులోంచి కొట్టేశారు. "అడిగితే పోయేదేముందమ్మాయ్" అన్నారు బయటికొచ్చాక. ఆ రుణం నేను తీర్చుకోలేదు.

అలాంటి మనిషి, తన విషయంలో అడగలేదు.

రిటైరయ్యాక, కంపెనీ ఆయన పేరున జమచేసిన పెన్షన్ సొమ్ముని ఏదో ఒక బీమా సంస్థకి బదిలీ చేయించుకోవాలని ఆఫీసులో చెప్పారు. ఆ సంస్థ నెలనెలా పెన్షన్ ఇస్తుంది. ఏ పద్ధతిలో కావాలో ఆయనే చెప్పాలి. ఒకసారి సంతకం పెట్టాక మార్చుకోవడానికి వీల్లేదు. కాలేజీలో పాఠాలు చెప్పే నాకు కూడా ఇందులో ఓనమాలు తెలియవు. ఇలాంటి వాటికి సలహా చెప్పే ఒకావిడ రాజమండ్రిలో ఉందని విని, ఆయన్ని కారులో తీసుకెళ్ళాను.

ఆవిడ కూర్చోబెట్టి, విషయం ముందే చెప్పేసింది. "నేను పాలసీలు అమ్మనండి. ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. మీ కాగితాలన్నీ చూసి, మీకేది మంచిదో చెప్తాను. అందుకు ఏడు వేలు ఫీజండి."

బాబాయి గారు లేచి నిలబడ్డారు. బేరమైనా ఆడలేదు. మెట్లు దిగుతూ "సరుకు లేదు, కాటా లేదు. నోటి మాటకి ఏడు వేలేంటమ్మాయ్?" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ కథ చెప్పి వీధి వీధంతా నవ్వించారు. బాగా చెప్పేవారు, నేనూ నవ్వాను.

అప్పుడు వచ్చాడు మనవాడు. పెనుగొండ దగ్గర పల్లెటూరు, పిన్ని గారికి వరసకి మేనల్లుడు, బీమా ఏజెంటు. "మనలో మనకి ఫీజేంటండి మావయ్య గారూ" అన్నాడు. ఆ ఒక్క మాటకే బాబాయి గారు కరిగిపోయారు. పిన్ని గారు పులిహోర కలిపి పెట్టారు. మా గోదావరి జిల్లాల వాళ్ళకి మర్యాద ఎక్కువ. ఇంట్లో విస్తరి వేసి భోజనం పెట్టిన మనిషిని, ఇందులో నీకెంత ముడుతుందయ్యా అని అడగడం మా వల్ల కాదు. నేను నోరు తెరవబోతే బాబాయి గారు కళ్ళతోనే వారించారు. అతను వెళ్ళాక "మనవాణ్ణి అలా అడుగుతారేంటమ్మాయ్" అని చిన్నబుచ్చుకున్నారు కూడా. అడిగితే అతను చెప్పి ఉండేవాడే. కమీషన్ సంస్థ ఇస్తుంది, అందులో దాపరికమేమీ లేదు.

మనవాడు చూపించిన పద్ధతిలో నెలకి వచ్చేది ఎక్కువ. ఎందుకు ఎక్కువంటే, అది ఆయన బతికున్నంత వరకే, ఆ తర్వాత అసలు కూడా తిరిగి రాదు. నెలకి కాస్త తగ్గించుకుంటే, ఆయన తర్వాత పిన్ని గారికి కూడా జీవితాంతం వచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది. దాని ఊసు అతను ఎత్తలేదు. బాబాయి గారు సంతకం పెట్టేశారు. మొదటి పెన్షన్ అందిన రోజు పీతలు కొని, సగం మా ఇంటికి పంపారు.

వాళ్ళకి పిల్లల్లేరు. ఉన్నది అద్దె ఇల్లు. చేతిలో మిగిలిన డబ్బు నిరుడు ఆయన గుండె ఆపరేషన్‌కి అయిపోయింది. పెద్దకర్మకి మనవాడు వచ్చి అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. అది నటన కాదు. "ఎక్కువొచ్చేదే మావయ్య గారికి నచ్చిందండి" అన్నాడు నాతో, తల దించుకుని. పిన్ని గారు అతనికి మారు అన్నం వడ్డిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఏదైనా దారి ఉందేమోనని మొన్న పిన్ని గారిని వెంటబెట్టుకుని మళ్ళీ రాజమండ్రి వెళ్ళాను. ఆవిడ కాగితాలు ఓపిగ్గా చదివింది. "నా దగ్గరికి వచ్చిన ప్రతి మగాయన్నీ నేను మొదట అడిగేది ఒకటేనండి. మీ ఆవిడ వయసెంత అని" అంది. కాగితాలు మడిచి ఇచ్చేస్తూ, "ఇప్పుడిక చెయ్యడానికేం లేదండి" అంది. నేను ఫీజు తియ్యబోతే చేత్తో వద్దంది. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఫీజు తీసుకోదట.

"మంచావిడ పాపం, డబ్బులొద్దంది" అన్నారు పిన్ని గారు మెట్ల మీద.

తిరుగుదారిలో రావులపాలెం దగ్గర కారు ఆపమన్నారు. మర్నాడు బాబాయి గారి మొదటి మాసికం, ఆయనకి పూతరేకులంటే ప్రాణం. నేను కొంటానంటే ఒప్పుకోలేదు. కొట్టతను డబ్బా రేటు చెప్పగానే చేతిలోది తిరిగి వరసలో పెట్టేశారు.

"ఒక్కటి విడిగా ఇస్తారా అండి? మా వారి మాసికానికి."

అతను ఆవిడ మొహం చూశాడు. ఇంకేమీ అడక్కుండా ఒక పూతరేకుని కాగితంలో చుట్టి చాపాడు. "తీసుకెళ్ళండమ్మా, డబ్బులొద్దు" అన్నాడు.

పిన్ని గారు చెయ్యి చాపలేదు.

"వద్దండి. ఎంతో చెప్పండి" అన్నారు.

కాగితం పొట్లం అతని చేతిలో అలాగే ఉంది. ఆవిడ పర్సు తెరిచి పట్టుకుని, అతను చెప్పేదాకా అక్కడే నిలబడ్డారు.