అమ్మ కాళ్ళలో నీరు

అమ్మకి ఉబ్బు వచ్చిన ఏడాది నేను కారంపూడి బడిలో సైన్సు చెబుతున్నాను. సాగరు కాలువ ఇంకా రాని రోజులు. నాన్న లేడు, ఇంట్లో మేమిద్దరమే. పొద్దున్నే అమ్మ కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. గుంట పడేది. అది ఎంతసేపటికీ పూడకపోతే నీరు ఎక్కువ ఉన్నట్టు.

నరసరావుపేటలో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. గుండె నీరసపడి నెత్తురుని సరిగా తోయలేకపోతోంది. మూత్రపిండాలకి అందే నెత్తురు తగ్గింది. ఒంట్లో నీళ్ళు కరువయ్యాయని అవి పొరబడి, ఉప్పునీ నీళ్ళనీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతున్నాయి. అదంతా రక్తనాళాల్లో ఒత్తిడి పెంచి కాళ్ళలోకి ఊరుతోంది. ఉప్పు మానితేనే నీరు దిగుతుందన్నారు. నేను రోజూ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే పాఠమే.

ఇంటికి రాగానే ఉప్పు జాడీ, ఊరగాయ జాడీలు గదిలో పెట్టి తాళం వేశాను. పల్నాటి మనిషికి ఉప్పూ కారం లేని కూడు గడ్డితో సమానం. అమ్మ కళ్ళు మూసుకుని చప్పిడి ముద్ద మింగేది. నేను జాలి చూపలేదు. బడిలో బెత్తం పట్టిన చెయ్యి ఇంటికొచ్చాక మెత్తబడుతుందా?

నీళ్ళు దించే సూది వేస్తే నాలుగు రోజులు కాళ్ళు సన్నబడేవి. వారం తిరక్కుండా మళ్ళీ ఉబ్బేవి. ఎక్కడినుంచో ఉప్పు లోపలికి పోతోందని నా అనుమానం. పగలు అమ్మ దగ్గర కూర్చునేది పక్కింట్లో గిన్నెలకి కళాయి పూసే సాయిబు భార్య ఒక్కతే. పిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె పెట్టే నిమ్మకాయ ఊరగాయంటే మా వీధి వీధంతా పడిచచ్చేది. ఇంకేం కావాలి నాకు? ఒక సాయంత్రం ఆమెని వాకిట్లో నిలబెట్టి కడిగేశాను. ఊరగాయ పెట్టి మా అమ్మని చంపుతున్నావు, మళ్ళీ మా గడప తొక్కొద్దన్నాను. ఆమె తలొంచుకుని వెళ్ళిపోయింది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మళ్ళీ నరసరావుపేట వెళ్ళినప్పుడు డాక్టరుగారు అంతా విని, "ఏ నీళ్ళతో వండుతున్నావమ్మా?" అని అడిగారు.

మంచినీళ్ళ బావి ఊరవతల, మైలు దూరం. మంచాన పడేదాకా అమ్మే మోసేది. ఆ తర్వాత తీరిక లేదని నేను పెరటి బావి నీళ్ళతోనే వండాను, అవే తాగించాను. అది ఉప్పునీళ్ళ బావి. నాలుక అలవాటుపడిపోయి ఆ సంగతే మరిచాను. జాడీలకి తాళం వేసిందీ నేనే, బిందెలతో ఉప్పు తోడి పోసిందీ నేనే.

ఇంటికొచ్చి మంచం దగ్గర కూలబడి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"నాకు మొదటి ముద్దకే తెలిసిందే. ఆ కాస్త ఉప్పుకి ఏమవుద్దిలే అనుకున్నా. బడి నించొచ్చి అంత దూరం నువ్వేం మోస్తావు?"

మరి పిన్నమ్మని అన్నేసి మాటలంటుంటే చెప్పొద్దా అని అరిచాను.

"దానికీ తెలుసు. మంచినీళ్ళు తనే తెస్తానంది. దాని బిందె మోసేసరికే నడుము పట్టేసుద్ది, నేనే వద్దన్నా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. తెలిస్తే నువ్వు ఉద్యోగం మానేస్తావు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ప్రాణం మీదికొస్తుంటే నన్నింత సుకుమారంగా చూడమని ఈ ఇద్దరినీ ఎవరడిగారు? ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని మంచినీళ్ళ బావికి వెళ్ళాను. పిన్నమ్మ అక్కడే నీళ్ళు తోడుకుంటోంది. తప్పయిపోయిందని చెప్పాలని నోరు తెరిచాను. ఆమె విననట్టే తన చేద ఎత్తి నా బిందెలోకి వంచింది.

"మాటలు తర్వాత. ముందు తీసుకుపో. మీ అమ్మ మంచినీళ్ళు తాగి మూణ్ణెల్లయింది."

ఆ నీళ్ళు అమ్మ ఇంకొక్క నెలే తాగింది.