సువార్త టీచర్ ఓడిపోయిన శనివారం

తాండూరు శివార్లలో నాపరాయి కోసే యూనిట్ల ముందు నుంచి వెళ్తుంటే, నీళ్లతో తడిసిన రాతిపొడి వాసన వస్తుంది. మొన్న డ్యూటీకి కోట్‌పల్లి వైపు పోతూ ఆ వాసన తగలగానే బండి పక్కకు ఆపాను. తాండూరులోని మా బడిలో పదో తరగతి గది నేలంతా ఆ రాయే. శనివారం మధ్యాహ్నం మేమే నీళ్లు కొట్టి కడిగేవాళ్లం. సరిగ్గా ఆరకముందే, చల్లగా ఉన్న ఆ నేల మీద వరసలుగా కూర్చునేవాళ్లం. కాసేపట్లో అక్కడ శాసనసభ మొదలయ్యేది.

ఆ సభ పెట్టించింది సువార్త టీచర్. మాకు సాంఘిక శాస్త్రం చెప్పేవారు. వికారాబాద్ నుంచి రోజూ పొద్దున రైల్లో వచ్చి, సాయంత్రం రైల్లోనే వెళ్లిపోయేవారు. పాఠంలో ప్రభుత్వం గురించి చదివించాక, "చదివితే రాదు, చేసి చూడున్రి" అన్నారు. ఎన్నికలు పెట్టారు. మంత్రులను, ప్రతిపక్షాన్ని మేమే ఎన్నుకున్నాం. స్పీకర్‌గా నస్రీన్ గెలిచింది. దర్జీ పని చేసే వాళ్ల నాన్న ఇల్లూ దుకాణమూ బడికి దగ్గరే. నేను పెద్దేముల్ దగ్గరి పల్లె నుంచి వచ్చేదాన్ని, ప్రతిపక్షంలో కూర్చున్నాను.

మొదటి రోజే టీచర్ తన కుర్చీ నస్రీన్‌కు ఇచ్చి, వెనక వరసలో మాతోపాటు నేల మీద కూర్చున్నారు. మాట్లాడాలంటే ఆమె కూడా చెయ్యి ఎత్తాల్సిందే. మొదట్లో ఆమె చెయ్యి లేస్తే చాలు, నస్రీన్ భయపడి కుర్చీలోంచి లేచి నిలబడేది. కొన్ని వారాలకు ధైర్యం వచ్చింది. ఒకసారి ఎవరో మాట్లాడుతుండగా టీచర్ మధ్యలో అందుకోబోతే, నస్రీన్ స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి, "కూసోండి టీచర్, మీ వంతు రాలే" అంది. టీచర్ చేతులు జోడించి, "తప్పయింది అధ్యక్షా" అని కూర్చున్నారు. ఆ ముఖంలో వెటకారం కోసం వెతికాను. లేదు.

ఆ రోజుల్లో బడి క్రమశిక్షణ చూసేది కూడా ఆమే. ప్రార్థన గంట కొట్టగానే గేటు వేయించేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు మొదటి పీరియడ్ అయ్యేదాకా బయట రోడ్డు మీదే నిలబడాలి. మా ఊరి ఆడపిల్లలం షేర్ ఆటోలో వచ్చేవాళ్లం, తరచూ బయటే ఉండిపోయేవాళ్లం. మొదటి పీరియడ్ లెక్కలు. నాతో వచ్చే అనిత వాళ్ల నాన్న అప్పటికే అనేశాడట: "రోడ్డు మీద నిలబడేటందుకు బడెందుకు? కంది కోతలకు రా." అనిత ఆ మాట చెప్పి ఏడ్చిన వారమే నేను సభలో తీర్మానం పెట్టాను. గేటు మూయొద్దని, ఆ నియమం పెట్టినవారు సభకు జవాబు చెప్పాలని.

నస్రీన్ వెనక వరసకేసి చూసింది. సువార్త టీచర్ చీర కొంగు సర్దుకుని ముందుకు వచ్చి, కుర్చీలో ఉన్న తన విద్యార్థిని ఎదుట నిలబడ్డారు.

"అధ్యక్షా, నేను వికారాబాద్ నుంచి వస్తున్న. ఒక్కనాడన్న ఆలస్యమైన్నా? మనసుంటే అందరు టయానికి వస్తరు."

నేను లేచాను. "అధ్యక్షా, టీచరెక్కే రైలు మనుషులు నిండినా నిండకున్నా కదుల్తది. మా ఆటో నిండితెనే కదుల్తది."

ఆమె తగ్గలేదు. ఒకరికి సడలిస్తే బడి మొత్తం సడలిపోతుందని గట్టిగా వాదించారు. ఓటింగ్ పెడితే చేతులు సమానంగా లేచాయి. ఇక నస్రీన్ ఓటుతోనే తేలాలి. ఆమెకు గేటు బాధ లేదు. పైగా టీచరంటే ప్రాణం. అందరం టీచర్ ముఖం చూశాం. ఆమె తల దించుకుని నేలను చూస్తూ నిలబడ్డారు. తన కళ్లు కూడా ఆ పిల్లకు ఏమీ చెప్పకూడదని అలా నిలబడ్డారని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

"గేటు తెరిచే ఉంచాలె," అంది నస్రీన్, ఏడుపు ఆపుకుంటూ.

సోమవారం మా ఆటో మళ్లీ ఆలస్యమైంది. దిగి చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది. దాని పక్కనే టీచర్, ఎదురుగా హెడ్‌మాస్టరు గారు.

"పిల్లల ఆటకు గేటు తెరుస్తరా మేడం?" అంటున్నారాయన.

"ఆట అని నేను వాళ్లకు చెప్పలే సార్. సభల ఓడిపోయిన. తెరిచిన."

మమ్మల్ని చూసి గొంతు పెంచారు. "మీరు చేసింది తప్పే అని ఇప్పటికీ అనుకుంటున్న. నడువున్రి లోపలికి!"

పరిగెత్తాం. అనిత నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో!

తర్వాతి శనివారం ఆమే చెయ్యి ఎత్తారు. ఆలస్యమైనవాళ్లు తప్పిన పాఠాన్ని సాయంత్రం ఉండి నేర్చుకోవాలని, తానే చెబుతానని ప్రతిపాదించారు. అడ్డు చెప్పినవాళ్లు లేరు. తను రోజూ ఎక్కే రైలు వదులుకుని, తన సబ్జెక్టు కాకపోయినా మాకు లెక్కలు చెప్పి, తర్వాతి రైలుకు నడిచి వెళ్లేవారు. అనిత పది పాసైంది.

నేను పంచాయతీ కార్యదర్శినయ్యాక వికారాబాద్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. రిటైరయ్యారు, జుట్టు పూర్తిగా నెరిసింది. చాయ్ తాగుతూ ఎన్నాళ్లుగానో ఉన్న సందేహం అడిగాను: "ఆనాడు మీకు బాధనిపించలేదా టీచర్?"

"బాధ కాదు బిడ్డా, మస్తు కోపమొచ్చింది. నేను నేర్పిన పిల్లలే నన్ను నిలబెట్టి అడిగిన్రు. ఇంటికొచ్చి అన్నం గూడ తినలే."

"మరి సోమవారం?"

"కోపం నాది. గేటు బడిది," అని బిస్కెట్ల పళ్లెం నా వైపు జరిపారు.

అప్పటిదాకా ఓడిపోయినందుకు ఆమెకు కోపమే రాలేదనుకున్నాను. ఆ రోజు ఆమె మరింత పెద్దగా కనిపించారు.

నేను పనిచేసే ఊళ్లో మొన్న గ్రామసభ జరిగింది. కొత్త నీళ్ల ట్యాంకు బడి దగ్గర కట్టాలని నేను వివరంగా చెప్పాను. ఆడవాళ్లు కాదన్నారు, ఎగువ వాడకే కావాలన్నారు. చేతులు లేచాయి, నా మాట వీగిపోయింది. కోపం వచ్చింది. సరిగ్గా వినలేదు వీళ్లు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. తెల్లారి టేపు పట్టుకుని ఎగువ వాడకు వెళ్లి, ట్యాంకుకు కొలతలు తీయించాను.