గెడ్డకు వదిలిన జాగా

మా బావ పోయారు. నేను పాతపట్నంలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా పొద్దున్నే ఊరి నుంచి మనిషి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. అప్పుడే అర్థమైంది. "మీరొచ్చినదాకా తానం ఆపమన్నారు అమ్మగోరు" అన్నాడు. అమ్మగారంటే మా అక్క. మొదటి బస్సుకే బయలుదేరాను.

నాకు మాటలు తక్కువ. చదువు వీధిబడితో సరి. అక్క రాయమంది కాబట్టి రాస్తున్నాను.

బావ మా పంచాయతీకి ప్రెసిడెంటు. నేను ఒక వార్డు మెంబర్ని. ఆయన బలవంతం మీదే నిలబడ్డాను. "నాకు మాటాడ్డం రాదు బావా" అంటే, "మాటాడేవోళ్ళు సాలామందున్నారు. ఇనేవోడు ఒక్కడైనా ఉండాల కదరా" అన్నారు.

ఆయనకొక అలవాటు. ఏ జాగా గురించి తీర్మానమో ఆ జాగాలోనే మీటింగు. రోడ్డు సంగతైతే రోడ్డు పక్కన. శ్మశానానికి కంచె వేసే మాట వచ్చినప్పుడు శ్మశానంలోనే చాపలు వేయించారు. ఆ రోజు మా గుమస్తా టీ ముట్టుకోలేదు. "సూడకుండా సెయ్యెత్తితే ఆ సెయ్యి మనది కాదొరే" అనేవారు బావ. వెళ్ళిన చోట ముందు చెప్పులు విడిచి, కూర్చుని, అరచెయ్యి నేలకి ఆనించేవారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

మూడు వేసవుల కిందట మా దిగువ వీధి కాలిపోయింది. తాటాకు ఇళ్ళు, గోడకి గోడ, ఒకటే వరస. మధ్యాహ్నపు గాలికి నిప్పు ఈ కొస నుంచి ఆ కొసకి పోవడానికి అన్నం ఉడికినంతసేపు పట్టలేదు. మనుషులు దక్కారు. అంతే దక్కింది. మళ్ళీ అంత ఇరుకులో కట్టకూడదని సమితి ఆఫీసు వాళ్ళు చెప్పారు. వేరే జాగా చూపించి తీర్మానం పంపితే వెదుళ్ళు, పెంకులు ఇస్తామన్నారు. వానలు పడేలోగా ఇళ్ళు లేవాలి.

అందరి కళ్ళూ గెడ్డ గట్టు మీద పడ్డాయి. కొండల్లోంచి వచ్చే వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఎప్పుడు చూసినా మోకాలి లోతే. దాని పక్కన చదునైన పోరంబోకు, పచ్చగడ్డి. నీళ్ళకి దగ్గర, పనికి దగ్గర.

ఇల్లు కట్టే ముందు మా వాళ్ళు గొయ్యి తవ్వి, తీసిన మన్ను మళ్ళీ అందులోనే పోస్తారు. మన్ను మిగిలితే నేల మంచిది. చాలకపోతే ఆ చోట కట్టరు. దిగువ వీధి వాళ్ళు ముందే తవ్వి చూసుకున్నారు. మన్ను కుప్పగా మిగిలింది. ఆ సంతోషంలో సూరమ్మ తన గుమ్మం ఎక్కడ రావాలో ముగ్గుతో గీత కూడా గీసుకుంది. సూరమ్మకి మొగుడు లేడు. ముసలి తండ్రిని పెట్టుకుని కూలి చేసుకు బతుకుతోంది.

మీటింగు అక్కడే, ఎండలోనే. సూరమ్మ నోట్లోంచి అడ్డచుట్ట తీసింది. నిప్పు లోపలికి పెట్టి కాల్చే ఆ చుట్టని ఆవిడ ఊరికే తియ్యదు.

"మన్ను మిగిలింది బాబూ. మీరే సూడండి."

బావ ఆ మన్ను తీసి నలిపారు. "మిగల్దేటే అమ్మా! ఒండ్రు కదా. గెడ్డ తెచ్చి ఇక్కడ దాసుకున్నాది. దాసుకున్నవోళ్ళు ఎప్పుడో ఒకనాడు అడగడానికి వొస్తారు."

"నాను పుట్టి బుద్దెరిగి అది గట్టెక్కనేదు."

"మీ అయ్యనడుగు."

ముసలాయన గట్టునే కూర్చున్నాడు. "వొచ్చినాదంట బాబూ. మా యమ్మ సెప్పేది, గొడ్లు కొట్టుకుపోయినాయని. అయినా నాకిక్కడే గుమ్మం కావాల. నానెంతకాలం ఉంతాను?"

మెంబర్లని చేతులు ఎత్తమన్నారు. నేను గెడ్డ గట్టు వద్దన్న వాళ్ళతో ఎత్తాను. చూస్తే ఇటూ అటూ సమం. ఇక మాట ప్రెసిడెంటుదే. బావ చాలాసేపు నేల మీంచి చెయ్యి తియ్యలేదు. చివరికి, "ఇక్కడ వొద్దు. గరువు మీద కడదాం" అన్నారు.

గరువంటే ఊరికి ఎగువనున్న మెట్ట. రాతి నేల. చుక్క నీళ్ళు లేవు.

సూరమ్మ గీసుకున్న గీతని కాలితో చెరిపేసింది. "నీ పెరట్లో నుయ్యున్నాది బాబూ. నీకేటి తెలుస్తాది" అంది.

గరువు కొలిపించి మళ్ళీ కాగితాలు పంపేసరికి ఆలస్యమైంది. వెదుళ్ళు వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. ఆ వానలన్నీ దిగువ వీధి వాళ్ళు బావ కళ్ళంలోని పశువుల శాలలో గడిపారు. ముసలాయన అక్కడే పోయాడు. "మా అయ్య సొంత గుమ్మంలోంచి ఎల్లనేదు" అని సూరమ్మ వీధంతా వినబడేలా ఏడ్చింది.

"మంచికే కదా చేసినారు" అని అక్క ఓదార్చబోయింది.

"మంచికే సేసినాను. అది నిజమే. దాని మాటా నిజమే" అన్నారు బావ. ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాత గరువు మీద నుయ్యి తవ్వించడమే ఆయన పనైంది. అడుగునంతా రాయి. రోజూ వెళ్ళి ఆ నూతి గట్టున కూర్చునేవారు. నీళ్ళు పడేసరికి ఇంకో వేసవి వచ్చింది. అందాకా ఆడవాళ్ళు దిగువకి వచ్చి కుండలతో మెట్ట ఎక్కుతూనే ఉన్నారు. దారిలో బావ ఎదురైతే సూరమ్మ మొహం తిప్పుకునేది. నీళ్ళు పడ్డాక కూడా మాట్లాడలేదు.

గెడ్డ మాత్రం రాలేదు. ఏ ఏడూ రాలేదు. టీ దుకాణం దగ్గర నవ్వుకునేవారు. "పెసిరెంటు బాబు గెడ్డకి కబురెట్టినాడు. అది కుదర్దన్నాది!" నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఇద్దరం గట్టు మీద నడుస్తుంటే అన్నాను, "ఒక్కసారి వస్తే బాగుణ్ణు బావా, వీళ్ళ నోళ్ళు మూతపడతాయి."

ఆయన ఆగిపోయారు. "ఏట్రా ఆ మాట? నా మాట నెగ్గడానికి గెడ్డ పొంగాలేటి? రాకపోతే అదే పదేలు." నన్ను కోప్పడింది ఆ ఒక్కసారే.

నేను వెళ్ళేసరికి బావని అరుగు మీద పడుకోబెట్టారు. స్నానానికి పెరటి నూతిలోంచి నీళ్ళు తోడి పెట్టారు. అక్క నన్ను చూసి, "వచ్చావా" అంది.

ఇంతలో వీధిలో అలికిడైంది. గరువు మీది ఆడవాళ్ళు వరసగా దిగి వస్తున్నారు. అందరి నెత్తిన కుండలు. ముందు సూరమ్మ.

"ఆ నీళ్ళు పక్కనెట్టండి. మా నుయ్యి నీళ్ళు తెచ్చినాం" అంది.

"పెరట్లో నుయ్యుండగా అంత దూరం నుంచి ఎందుకే?" అన్నారెవరో.

"దూరం మాకు కొత్తేటి?"

కుండ దించి నా చేతికిచ్చింది. బావ మొహం వైపు ఒకసారి చూసింది. రాతిలోంచి వచ్చిన నీళ్ళు, చల్లగా ఉన్నాయి. ఒక్కొక్క కుండా అందుకుని పోశాను. ఆ నీళ్ళు అరుగు మీంచి వీధిలోకి జారి, పల్లం వెతుక్కుంటూ సన్నటి పాయగా కాలిపోయిన వరస పక్కనుంచి సాగి, దిగువన ఎవరూ ఇల్లు కట్టని ఆ పచ్చగడ్డి వైపు పోయాయి.