వెనక బస్సులో మా ఆయన

మైపాడు సముద్రం చూసి ఒక్కదాన్నే తిరిగొస్తానంటే మా ఆయన వద్దనలేదు, షరతులు పెట్టారు. బస్సులో ముందు సీట్లోనే కూర్చోవాలి. నీళ్ళలో మోకాలు దాటి దిగకూడదు. ఎవరైనా అడిగితే మా ఆయన వెనక బస్సులో వస్తున్నాడని చెప్పాలి. సాయంత్రం మసీదులో మగ్రిబ్ నమాజుకు పిలిచే అజా మొదలయ్యేలోపు బుచ్చిరెడ్డిపాలెంలో మా ఇంట్లో ఉండాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఇక ఒంటరి ప్రయాణాల మాట ఎత్తకూడదు.

ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టి పిల్లల్ని చదివించినదాన్ని, బస్సెక్కడం కూడా నాకు నేర్పాలా అని ఒళ్ళు మండింది. అయినా సముద్రం మీది ఆశకొద్దీ తలూపాను.

నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. చేపలన్నీ అమ్ముకొని ఖాళీ తట్టతో ఇంటికి పోతున్న ఒకామె నా పక్కన కూర్చుంది.

"ఒక్కదానివే పోతా ఉండావా మా?"

పాఠం అప్పజెప్పాను. "మా ఆయన వెనక బస్సులో వస్తా ఉండాడు."

ఆమె మంచిదన్నట్టు తలూపి, వక్క నోట్లో వేసుకుంది. ఇందుకూరుపేట దాటేసరికి నిద్రపోయింది.

మైపాడులో చెప్పులు చేత్తో పట్టుకొని ఒడ్డు వెంట నడిచాను. జాలరులు వల బాగుచేసుకుంటుంటే కాసేపు చూశాను. మోకాలి షరతు మరిచి నడుము దాకా తడిశాను. డబ్బాలోని నిమ్మకాయ అన్నం, ఎవరికీ వడ్డించకుండా, ఉప్పు తక్కువైందని ఎవరూ అనకుండా తిన్నాను. ఎంత సంతోషమేసిందో.

నాలుగింటి బస్సు ఎక్కితేనే అజా లోపు ఇల్లు చేరతాను. ముందు సీట్లో కూర్చున్నానో లేదో, బస్సు ఆగేచోటే ఇల్లున్న ఆ చేపలామె కిటికీ దగ్గరకు వచ్చింది.

"మీ ఆయన యాడమ్మా?"

నిజం నోటిదాకా వచ్చింది. బస్సులో అన్నీ కొత్త మొహాలు. "వస్తాడు," అన్నాను.

అంతే. "అన్నా, ఆపు! ఈమె ఇంటాయన రావాల," అని కేకేసింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కండక్టరు దిగి విజిలు ఊదాడు. పది నిమిషాలు గడిచాయి. ఒక్కరూ విసుక్కోలేదు. చేపలామె ముఖం మాత్రం మారిపోయింది.

"చొక్కా ఏం రంగు మా? నీళ్ళలోకి గానీ దిగినాడా?"

ఇద్దరు జాలరులు ఒడ్డు వైపు పరిగెత్తారు. ఇక దాచలేక లేచి నిలబడ్డాను.

"ఎవరూ రారన్నా. నేనొక్కదాన్నే వచ్చినాను. మా ఆయన ఇంట్లో ఉండాడు. బస్సు పోనీండి."

బస్సంతా గొల్లున నవ్వింది. చేపలామె నవ్వలేదు. పరిగెత్తినవాళ్ళను వెనక్కి పిలిచి, నా వైపు తిరిగింది.

"ఒక్కదాన్నే అని పొద్దున్నే చెప్పుంటే మా ఇంట్లో కూర్చోబెట్టి కూడు పెట్టుండేదాన్ని గదా!"

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ మాటకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

పోయిన పది నిమిషాలూ డ్రైవరు దారిలోనే రాబట్టాడు. నెల్లూరులో పరుగెత్తి మా ఊరి బస్సందుకున్నాను. గడపలో కాలు పెట్టాక అజా మొదలైంది. మా ఆయన గడియారం చూసుకున్నారు.

"దారిలో ఎవరన్నా అడిగినారా?"

"అడిగినారు. మీకోసం బస్సు ఆపినారు. మునిగిపోయినారేమోనని ఒడ్డంతా వెతకబోయినారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"వచ్చే నెల మళ్ళీ పోతాను," అన్నాను. "ఈసారి మిమ్మల్ని వెనక బస్సులో కూడా తీసుకుపోను."