ఆరంభశూరత్వం లేని మా బావ

ఏ పనైనా ఆర్భాటంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్ళని ఆరంభశూరులంటారు. మా బావ వ్యవహారం దీనికి తలకిందులు. మధ్యలోదీ చివరిదీ చక్కగా చేస్తాడు. మొదలుపెట్టడమే రాదు.

బావ అంటే మా అక్క మొగుడు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఇరవై రెండేళ్ళుగా ఎల్ బోర్డు కారులో ఎడమ సీట్లో కూర్చుని, కుడి సీట్లో వణికేవాళ్ళకి బండి నేర్పుతున్నాడు. అదే స్కూల్లో దరఖాస్తులు నింపే ఉద్యోగం నాది. నా కిటికీ ముందు నుంచి బయల్దేరే ప్రతి బండిలోంచీ ఒకటే మాట వినబడుతుంది. "భయపడకండి, బ్రేకు నా దగ్గరుంది. మీరు పోనివ్వండి."

ఆయన జీవితంలోకి రేసు కారు వచ్చింది మెకానిక్ పొట్ట వల్ల. మా స్కూలు బళ్ళు బాగుచేసే మెకానిక్ మూడేళ్ళు షెడ్డులో కూర్చుని సొంతంగా ఒక చిన్న రేసు కారు కట్టాడు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. రెండు సీట్లు, నాలుగు చక్రాలు, ఒక ఇంజను, మిగతాదంతా గాలి. తేలిగ్గా ఉండాలని ఎక్కడికక్కడ కోసి, చెక్కి, తీరా ఎక్కబోతే ఆయన పొట్ట స్టీరింగు కింద పట్టలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు, పక్కకి తిరిగి చూశాడు, నాలుగు రోజులు రాత్రి భోజనం మానేసి చూశాడు. చివరికి, "మాస్టారూ, మీరు బక్కగా ఉంటారు, ఒకసారి కూర్చోండి" అన్నాడు. మా బావ కూర్చున్నాడు. ఇక దిగితే ఒట్టు! అంత సంతోషం ఆయన ముఖంలో నేను పెళ్ళి ఫోటోల్లో కూడా చూడలేదు. ఈ మాట మా అక్కకి చెప్పకండి.

ఊరి బయట ట్రాకు మీద నెలకో ఆదివారం పోటీ జరుగుతుంది. మలుపుల్లో మా బావ బంగారం. కత్తిరించినట్టు తిప్పుతాడు. వచ్చిన చిక్కల్లా మొదట్లోనే. అక్కడ బళ్ళన్నీ గీతల మధ్య వరసగా కదలకుండా నిలబడాలి. ఎదురుగా ఐదు ఎర్ర లైట్లు ఒక్కొక్కటీ వెలుగుతాయి. ఐదూ ఒక్కసారి ఆరగానే దూకాలి. కుడికాలు ఇంజన్ని ఒకే మోతలో పట్టి ఉంచాలి, ఎడమకాలు క్లచ్‌ని అది పట్టుకునే చోటిదాకా వదిలి, రెప్పపాటు అక్కడే ఆపి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. మోత తగ్గిందా, ఇంజను చచ్చిపోతుంది. పెరిగిందా, అసలే తేలిక బండి, చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి పొగ లేస్తుంది. మా బావకి ఇదంతా కంఠస్థం. అర్ధరాత్రి లేపి అడిగినా పాఠం చెబుతాడు.

మొదటి పోటీలో ఇంజను ఆగిపోయింది. రెండోదాంట్లో ఆగిపోయింది. మూడోదాంట్లో పొగ లేచింది, మాకు ఆశ పుట్టింది, తర్వాత ఆగిపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర బండి నేర్చుకున్నవాళ్ళే. "మాస్టారూ, క్లచ్ మెల్లగా!" అని కంచె పట్టుకుని అరిచారు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

మూడోసారి జెండాల పెద్దాయన స్వయంగా నడిచి వచ్చాడు. స్టార్టు చేయించేది ఆయనే. "మాస్టారూ, నాకు మీమీద కోపం లేదు. కానీ మీరు కదలకపోతే వెనకాల వచ్చేవాళ్ళు మిమ్మల్ని గుద్దుతారు. ఈసారి కూడా ఆగిందంటే మీ నెంబరు తీసేస్తాను. మళ్ళీ రావద్దు" అన్నాడు.

ఆ నెలంతా బావ ముఖం చూడలేకపోయాం. నేను వేళాకోళం చేయబోతే, "నవ్వు, నవ్వు. ఇన్నేళ్ళలో నాకంటూ దొరికిన కుడి సీటు అదొక్కటే" అన్నాడు. ఆ మనిషి మీద అంత జాలి నాకెప్పుడూ కలగలేదు.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రోజూ సాయంత్రం సాధన మొదలుపెట్టించాం. లైట్లకి బదులు మెకానిక్ ఎర్ర గుడ్డ పట్టుకున్నాడు. గుడ్డ దించి, "పోనీ! పోనీ!" అని గొంతు చించుకున్నాడు. బావ ఇంజను ఆపేసి, హెల్మెట్ తీసి, కిందికి దిగి వచ్చాడు.

"ఏమైంది మాస్టారూ?"

"నువ్వేగా పోనీ అన్నావు. పోనీలే, ఈసారి చూద్దాంలే అన్నావనుకున్నా."

మెకానిక్ ఆ ఎర్ర గుడ్డతోనే చెమట తుడుచుకుని కాసేపు నేలమీద కూర్చుండిపోయాడు.

ఇలా కాదని నేనే ఎడమ సీట్లో ఎక్కాను. బావ ముఖం వంక కాదు, కాళ్ళ వంక చూశాను. దొంగ దొరికాడు. క్లచ్ పట్టుకుని బండి వణకగానే ఆయన కుడికాలు ఎగిరి బ్రేకు మీదికి దూకుతోంది! స్కూలు కారులో మాస్టారి వైపు ఉండేవి రెండే, క్లచ్చూ బ్రేకూ. బండిని పరిగెత్తించేది అక్కడ లేనే లేదు. బండి వణికిందంటే ఎవరో ఎవరినో గుద్దబోతున్నారని ఆ కాలి లెక్క. ఇరవై రెండేళ్ళుగా దానికి తెలిసిన విద్య ఆపడమే.

"బావా, ఇటు చూడకు. భయపడకు. బ్రేకు నా దగ్గరుంది. నువ్వు పోనివ్వు" అన్నాను, అచ్చం ఆయన గొంతుతో.

బండి దూకింది. నా మెడ వెనక్కి విరిగినంత పనైంది. జడ క్లిప్పు ఎక్కడో పడిపోయింది, ఇప్పటికీ దొరకలేదు. ఆ సాయంత్రం పన్నెండు సార్లు బయల్దేరాం, పన్నెండూ పువ్వుల్లా వచ్చాయి. మెకానిక్ నాకు దండం పెట్టాడు.

కానీ పోటీలో పక్కన ఎవరూ కూర్చోకూడదు. పోటీ రోజున నా బదులు నా చెప్పులు ఎడమవైపు పెట్టి చూశాం. బళ్ళు తనిఖీ చేసే ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని బయటపడేశాడు. "ఊడి కదిలేవి ఏవీ ఉండకూడదు" అన్నాడు. అప్పుడు మెకానిక్ సుద్దముక్క తీసి ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట ఒక బ్రేకు బొమ్మ గీశాడు.

"ఇదేంటి?" అన్నాడు తనిఖీ ఆయన.

"బ్రేకండీ" అన్నాను.

ఆయన నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు. సుద్దబొమ్మల గురించి అందులో ఒక్క ముక్క లేదు. "సరే, పనిచేయకపోతే నన్ననకండి" అని సంతకం పెట్టాడు.

లైట్లు వెలిగాయి. ఆరాయి. మా బావ బయల్దేరాడు! పొగ లేదు, వణుకు లేదు, గీసిన గీతలా వెళ్ళిపోయాడు. మొదటి మలుపులోపే ముగ్గుర్ని దాటాడు. నేనూ మెకానిక్కూ ఒకరినొకరం పట్టుకుని గెంతాం. ఆ గెంతులో ఉండగానే, పోటీ ఆపమని ట్రాకంతా ఎర్ర జెండాలు లేచాయి. బావకి ఎడమవైపు, అర బండి ముందు నిలబడిన పళ్ళ డాక్టరు బండి కదల్లేదట. వెనకవాళ్ళు తప్పుకోబోయి ఇద్దరు రాసుకున్నారు. దెబ్బలేం తగల్లేదు గానీ, ఆ స్టార్టు చెల్లదు, మళ్ళీ మొదటి నుంచీ పెట్టాలన్నారు.

చెల్లదట! ఆ పళ్ళ డాక్టర్ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మా బావకి జన్మకో స్టార్టు వస్తే, అది కాస్తా నేలపాలు చేశాడు.

బళ్ళన్నీ మళ్ళీ గీతల్లోకి వచ్చాయి. డాక్టరు హెల్మెట్ లోపల ఏడుస్తున్నాడో ఏమో, భుజాలు కుంగిపోయి ఉన్నాయి. మా బావ ఆయన వంకే చూస్తున్నాడు. మొదటి లైటు వెలిగింది. బావ ఎడమ చెయ్యి పైకి లేచింది. డాక్టరుకి అద్దంలో కనబడేలా అరచేతిని మెల్లగా, చాలా మెల్లగా పైకెత్తుతున్నాడు, ఇలా వదలాలి క్లచ్, ఇలా అని. "బావా, ఎదురుగా చూడూ!" అని నేను అరుస్తూనే ఉన్నాను. నాలుగో లైటు. ఐదో లైటు. అరచెయ్యి సగంలో ఒక్క క్షణం ఆగింది. లైట్లు ఆరాయి. డాక్టరు దూకాడు. ఆయన పక్కనే, రెప్పపాటు తేడా లేకుండా, మా బావ.

పదకొండు మందిలో తొమ్మిదోవాడిగా వచ్చాడు. జెండాల పెద్దాయన కాగితం మీద ఆయన నెంబరు పక్కన టిక్కు పెట్టి, "వచ్చే నెల త్వరగా రండి మాస్టారూ" అన్నాడు. బావకి ఆ మాట ఎక్కినట్టు లేదు. హెల్మెట్ తీస్తూనే నన్ను పట్టుకున్నాడు.

"డాక్టరు గారు బయల్దేరారా?"

"బయల్దేరారు బావా. భలే బయల్దేరారు."

"అమ్మయ్య" అని ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపు బండి వంకా ట్రాకు వంకా చూసి, మెల్లగా అడిగాడు.

"ఇంతకీ నేనెప్పుడు బయల్దేరాను?"